తోట నత్త, ఊరి నత్త

మా ముత్తాత సంస్థానాల రోజుల్లో కృష్ణ ఒడ్డున పన్నెండు ఊళ్ళకు శిస్తు వసూలు చేసే దేశాయి. గద్వాలలో దర్బారు జరిగితే ఆయనకు ఎడమ వరుసలో రెండో ఆసనం. ఆయన కొడుకు, అంటే మా తాత, ఆ ఆసనం పోయిన తరువాత కూడా తలకు రుమాలు చుట్టకుండా వాకిలి దాటలేదు. ధరూరు దారిలో ఎవరైనా సైకిలు దిగకుండా తన ముందు నుంచి పోతే, మా నాయన ఆ మనిషిని సాయంత్రం దాకా తిడుతూనే ఉండేవాడు. నేను ఆయన కొడుకుని. ఇప్పుడు ఆ దారిలో నన్ను చూసి బండి ఆపేది షేర్ ఆటో వాడొక్కడే. వాడైనా ఇంకో మనిషి ఎక్కుతాడని ఆపుతాడు.

నేను రాయబోయేది ఒక నత్త గురించి. నత్తకు ముత్తాత ముచ్చట ఎందుకని నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. మా చిన్నాయన కొడుకు నవ్వాడు. వాడి నవ్వు మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు. అయితే వాడి మీద ఉన్నది నా మొత్తం కోపంలో నాలుగో వంతు కూడా కాదు. మిగతాది ఎవరి మీదో ఈ రాతలో తేలుతుంది.

ఇల్లు మా నాయన కాలంలోనే పోయింది. పొలాలు అంతకు ముందే పోయాయి. మిగిలింది నాలుగెకరాల తోట, దాని చుట్టూ గోడ. గోడ అంటే ఇప్పటి సిమెంటు ఇటుకల గోడ అనుకోకూడదు. గుర్రం మీద కూర్చున్న మనిషి తల కూడా లోపలివాళ్ళకు కనిపించకూడదని మా ముత్తాత కట్టించిన రాతి గోడ. బయటి ముఖానికి మామూలు రాతి సున్నం. లోపలి ముఖానికి గుల్ల సున్నం. కృష్ణలో ఏరిన ఆల్చిప్పలను బట్టీలో కాల్చి, ఆ సున్నాన్ని గానుగలో నలిపి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి పూసి, ఆడవాళ్ళు నున్నటి రాళ్ళతో వారం రోజులు రుద్దితే ఆ గోడ అద్దంలా మెరిసేది. మా ఊళ్ళో ఇంకెవరి గోడకూ గుల్ల సున్నం పూయనివ్వలేదు. అది ఆనాటి మర్యాద. దాన్ని సమర్థించడానికి ఇది రాయడం లేదు, దాచడానికీ రాయడం లేదు.

ఆ తోటలో సీతాఫలం, నిమ్మ, నాలుగైదు మామిడి చెట్లు ఉన్నాయి. వానాకాలం వస్తే గోడ నిండా నత్తలు ఎక్కేవి.

మా తాతకు దర్బారు పోయాక పని లేదు. పని అడగడం ఆయనకు చేతకాదు. ఎక్కడినుంచో తెప్పించుకున్న ఇంగ్లీషు జంతుశాస్త్ర పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని ముందు పెట్టుకొని నత్తగుల్లలను ఏరడం మొదలుపెట్టాడు. మా నాయనమ్మ అత్తరు పెట్టె ఒకటి ఉండేది, టేకుది, రెండు సొరుగులు, సొరుగుకు ఇరవై గదులు. అత్తరు సీసాలు తీసేసి అందులో గుల్లలు పెట్టాడు. పై సొరుగు మీద కాగితం అంటించి 'తోట' అని రాశాడు. కింది సొరుగు మీద 'ఊరు' అని రాశాడు.

తోట నత్త గుల్ల తెల్లగా, మందంగా, గోలీకాయంత బరువుగా ఉండేది. ఒక్క గీత ఉండేది కాదు. ఊరి నత్తది పల్చటి గుల్ల. లేత గోధుమ రంగు, దాని చుట్టూ నడుముకు కట్టిన మొలతాడులా రెండు ముదురు గీతలు. మా తాత తేల్చిందేమిటంటే ఇవి రెండు వేర్వేరు జాతులని, తోటది ప్రపంచంలో మరెక్కడా లేదని. జంతువులకు శాస్త్రం పెట్టే పేరులో మొదటి మాట ఇంటిపేరు లాంటిది, రెండోది సొంత పేరు. మనలాగే శాస్త్రం కూడా ఇంటిపేరే ముందు రాస్తుంది. మా తాత ఆ నత్తకు రెండో మాటగా మా ఇంటిపేరు పెట్టి, దాని తోకకు లాటిను తగిలించి, నల్లసిరాతో రాసి పెట్టెలో పెట్టాడు.

ఎవరికైనా పంపి అడగొచ్చు కదా అని మా నాయన ఒకసారి అన్నాడట. "మన ఇంట్ల ఉన్నదేందో చెప్పుమని ఇంకొకన్ని అడుగుతరా?" అని మా తాత ఆయన్ను మూడు రోజులు పలకరించలేదు.

శ్రావణంలో, వానలు బాగా పడ్డాక, పిల్లలమైన మాకు ఒక పని ఉండేది. తోటలో గీతల నత్త ఏదైనా కనిపిస్తే ఏరి గోడ అవతలికి విసిరెయ్యాలి. ఊరివి లోపలికి వచ్చి మనవాటితో కలిస్తే మన జాతి చెడుతుందని తాత చెప్పేవాడు. ఆకుల కింద, రాళ్ళ సందుల్లో చిన్న చిన్నవి దొరికేవి, బఠానీ గింజంతవి, రేగుపండంతవి. అన్నింటికీ గీతలే. మా చిన్నాయన కొడుకు నాకంటే ఆరేళ్ళు చిన్న. వాడు విసిరితే గోడ దాటేది కాదు, నేను ఎత్తుకుంటే విసిరేవాడు. నేను ఒక్కరోజు ఎనభై దాకా విసిరిన గుర్తు. తాత అరుగు మీద కూర్చొని చూసి, నా వీపు తట్టి, వెన్ను నిటారుగా పెట్టి నడవమనేవాడు. ఇప్పటికీ అలాగే నడుస్తాను.

పోయిన ఎండాకాలం మా చిన్నాయన కొడుకు వనపర్తి నుంచి కారులో వచ్చాడు. వాడు ప్లాట్లు కొని అమ్మే పనిలో ఉన్నాడు. తోటలో సగం హక్కు వాడిది. సీతాఫలం చెట్టు కింద నిలబడి, బూట్లకు మట్టి అంటుతుందేమోనని చూసుకుంటూ మాట్లాడాడు.

"అన్నా, ఫంక్షన్ హాలు కట్టెటాయన దొరికిండు. రోడ్డు పక్కకున్నది గద, మంచిగ అడుగుతుండు. నీ సంతకం ఒక్కటే బాకీ."

"తోట అమ్మేది లేదు."

"ఏముందన్నా దీంట్ల? ఎండిన చెట్లు, నత్తలు."

"ఆ నత్తలే ఉన్నయి" అన్నాను. ఈ నత్త మరెక్కడా లేనిదని తేలితే, ఆ మాట శాస్త్రం చదివినవాళ్ళ చేత రాయించుకొస్తే, గోడ మీద ఎవడూ చెయ్యి వెయ్యలేడని చెప్పాను. అప్పుడు నవ్వాడు. చెట్టుకు చెయ్యి ఆనించి, వంగి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"తాత ముచ్చట నువ్వింకా నమ్ముతున్నవా? అన్నా, నువ్వు నత్తల కోసం సంతకం ఆపుతున్నవంటే జనం ఏమంటరు?"

ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. మంటలో మాట ఇచ్చాను. అది ఊరి నత్తేనని తేలితే మరుసటి వారమే గద్వాల వచ్చి సంతకం పెడతాను, తేలకపోతే నువ్వు మళ్ళీ ఈ గేటు తియ్యొద్దు అన్నాను.

"సరే. నత్త ఏం జెప్తే గదే చేద్దాం" అని కారెక్కాడు.

నాగర్‌కర్నూల్‌లో ఒక కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే ఆమె నల్లమల అంతా తిరిగి నత్తలు పోగు చేస్తుందని విన్నాను. అత్తరు పెట్టెను పంచెలో మూట కట్టి ఆత్మకూరు నుంచి వనపర్తి బస్సు, అక్కడినుంచి ఇంకో బస్సు ఎక్కాను. పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నవాడు దానికి మోచెయ్యి ఆనిస్తే చెయ్యి తియ్యమన్నాను. "ఏముంది పెద్దమనిషీ, బంగారమా?" అన్నాడు. మూట ముడి ఇంకొంచెం బిగించాను.

ఆమె నలభై ఏళ్ళ మనిషి. గది నిండా సీసాలు. ఏ ఊరని అడిగితే చెప్పాను. నవ్వింది.

"మీ తోట గోడ గురించి విన్న సార్. మాది గద్వాల, మగ్గం నేసే ఇల్లు. మా నాయనమ్మ చీరల మూట పట్టుకొని మీ ఊరికి వస్తుండె. గోడ బయట కూసోబెట్టి చీరలు లోపలికి తీసుకపోయి చూసెటోళ్ళంట. నచ్చినయి ఉంచుకొని మిగిలినయి బయటికి పంపెటోళ్ళంట."

ఆ మాట ఆమె కోపంగా అని ఉంటే జవాబు చెప్పేవాణ్ణి. వాన పడింది అన్నట్టు మామూలుగా అన్నది. నాకు కోపం రావడానికి అది చాలు. పెట్టె మూత తీశాను.

ఆమె తోట గుల్లను తీసి, మొన పైకి, నోరు తనవైపు పెట్టి పట్టుకున్నది. నోరు కుడివైపుకు ఉంది. చుట్లు లెక్కపెట్టింది, ఐదు. కింద చిన్న బొడ్డులాంటి రంధ్రం చూసింది. పెదవి పల్చగా ఉందా మడత పడిందా అని గోటితో తడిమింది. తరువాత కింది సొరుగులో నుంచి ఊరి గుల్ల తీసి అదే పని చేసింది. ఆ చేసే పద్ధతి నాకు నచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. గుల్లకు గుల్లకు తేడా లేకుండా అంతే మర్యాదగా పట్టుకున్నది. మర్యాద నచ్చింది గానీ, రెంటికీ ఒకే మర్యాద అన్నది నచ్చలేదు.

"సార్, దీని పేరు క్రిప్టోజోనా బైస్ట్రియాలిస్. రెండు గీతలున్నది అని అర్థం. మెత్తని ఒళ్ళుండే జీవుల్లో కడుపు మీద పాకే తరగతి. వాటిలో ఊపిరితిత్తితో గాలి పీల్చేవి కొన్ని. అందులో ఏరియోఫాంటిడే అనే కుటుంబం. మన దక్షిణాదిలో అంతటా ఉంటది. పొలాల్లో, కంచెల్లో, పాత గోడల్లో. ఎండాకాలం నోటికి కాగితంలాంటి పొర కట్టుకొని పండుకుంటది, వానకు లేస్తది. దీని ఇంటిపేరు శాస్త్రం వాళ్ళే రెండు మూడు సార్లు మార్చిన్రు. రెండో పేరు మాత్రం మారలేదు."

"అది కింది సొరుగుది."

"పై సొరుగుది కూడ గంతే అనుకుంటున్న."

"దానికి గీతలెక్కడున్నాయి?"

ఆమె ఒక గుల్లను ఆమ్లంతో తుడవనిమ్మని అడిగింది. ఒక్కటే, మిగతావి ముట్టుకోనన్నది. అది మా తాత పెట్టిన గుల్ల. వద్దంటే భయపడ్డట్టవుతుంది. కానివ్వమన్నాను. దూదితో అద్ది తుడిచింది. సన్నగా నురగ వచ్చింది. నీళ్ళతో కడిగి కిటికీ దగ్గర పట్టుకున్నది. పలకబలపం రుద్దినట్టున్న తెలుపు పోయి, కింద రెండు గీతలు, మాసిన రంగులో, వంకర లేకుండా కనిపించాయి.

"అది మీ ఆమ్లం పెట్టిన మచ్చ" అన్నాను.

"కాదు సార్. అది సున్నం తింటది. గుల్ల కట్టుకోవాలంటే సున్నం కావాలె గద. మీ గోడకు నోరు పెట్టి రాతిరి పగలు గీకి తినుంటది. అందుకే గుల్ల మందమైంది. గోడ మీదనే ఉంటది కాబట్టి ఒంటికి కూడ సున్నం పట్టింది, పై పొర అరిగింది. గుల్ల ఒక్కటి చూసి ఖాయం చెయ్యొద్దు, నిజమే. శ్రావణంల నేనే వచ్చి బతికున్నవి చూస్త."

చాయ్ తెప్పించింది. తాగలేదు. బస్టాండులో కూర్చొని ఆ కడిగిన గుల్లను పంచె కొంగుతో ఎంత తుడిచినా గీతలు పోలేదు. ఎందుకు తుడిచానో నాకే తెలియదు.

వానలు పడ్డాయి. శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున ఆమె వచ్చింది. మా చిన్నాయన కొడుకు కూడా వచ్చాడు, ఈసారి చెప్పులతో. సీతాఫలం కాపును ఏటా కౌలుకు తీసుకునే అవ్వ అప్పటికే తోటలో ఉంది. డెబ్భై దాటిన మనిషి. ఆమె తండ్రి మా గోడకు గుల్ల సున్నం కాల్చినవాడు. బట్టీ పోయి ఎన్నో ఏళ్ళయినా ఊళ్ళో ఆ ఇంటిని ఇప్పటికీ సున్నపు బట్టీ ఇల్లనే అంటారు.

గోడంతా తడిగా ఉంది. మెరుపు ఎప్పుడో పోయింది. చెయ్యి పెడితే గరుకుగా, ఎలుకలు కొరికిన రొట్టెలా తగిలింది. దాని మీద తెల్లటి తోట నత్తలు. లెక్చరర్ ఒకదాని పక్కన చెవి పెట్టి, నన్నూ పెట్టమన్నది. చెవి పెట్టాను. సన్నగా గీరుతున్న చప్పుడు వినిపించింది. ఆ నత్త నాలుక పోయినచోట సున్నంలో పల్చటి గాట్లు పడుతున్నాయి. మా ముత్తాత వారం రోజులు రుద్దించిన గోడను అది నా కళ్ళముందే తింటోంది. నత్త తోక చివర చిన్న కొమ్ములాంటి బుడిపె ఉంటుందని లెక్చరర్ చూపించింది. నేను ఆ నత్తలను అరవై ఏళ్ళుగా చూస్తూ ఉన్నాను, ఆ బుడిపెను చూడలేదు.

తరువాత ఆమె మోకాళ్ళ మీద కూర్చొని నిమ్మచెట్టు మొదట్లో ఆకులు తీసింది. కింద తడి మట్టిలో సగ్గుబియ్యంలాంటి గుడ్లు, కొన్ని పగిలి ఉన్నాయి. పక్కనే బఠానీ గింజంత నత్తలు, అద్దంలా పల్చటి గుల్లతో, ఒక్కొక్కదానికి రెండు గీతలు. కొంచెం పెద్దవి గోడ మొదట్లో ఉన్నాయి. వాటి గీతలు సగం మాసి ఉన్నాయి. గోడ ఎంత పైకి చూస్తే అంత పెద్దవి, అంత తెల్లవి. ఆమె వేలితో కింది నుంచి పైకి చూపించింది.

మేం విసిరినవన్నీ పిల్లలు. తోట నత్తల పిల్లలు. మా జాతి చెడకుండా ఉండాలని మా జాతి పిల్లలనే ఏరి ఏరి గోడ అవతలికి విసిరాము.

అవ్వ బుట్ట దింపి చూస్తోంది.

"ఏంది దొరా, గట్ల నిలబడ్డరు? ఇవి పిల్లలే గద."

"నీకు తెలుసా?"

"తెల్వకేమి? మీరు గోడమీదికెల్లి ఇసిరేస్తుంటే అవతల మేం కొంగులు పట్టుకొని నిలబడుతుంటిమి. వాన పడ్డట్టు పడుతుండె. ఒకసారి నా నెత్తి మీద పడ్డది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా?"

"మీకా?" అని అవ్వ పళ్ళు లేని నోటితో నవ్వింది. "మీ తాతకు ఇది పిల్ల దొరా, ఇది తల్లి అని ఎవరు జెప్తరు? నడుం ఇరగ్గొట్టిచ్చుకుంటందుకా? ఇంకో ముచ్చట ఇనుండ్రి. ఇసిరేస్తే పగిలిన గుల్లలు మా అయ్య ఏరి బట్టీల ఏసెటోడు. ఏడాదికొకసారి మీ గోడకు పూత పూసెటిది గద, ఆ పూతల అవి కూడ ఉన్నయి. మీయి మీకే పూసినం."

మా చిన్నాయన కొడుకు మళ్ళీ నవ్వుతాడనుకున్నాను. చెయ్యి ఎత్తడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. వాడు నవ్వలేదు. నేల చూస్తూ, "అన్నా, నన్ను ఎత్తుకొని ఇసిరిపిస్తుంటివి" అన్నాడు. అంతే. వాడు నవ్వి ఉంటే నాకు ఎంత సులువయ్యేదో.

నాకు అక్కడున్న ముగ్గురి మీదా కోపం వచ్చింది. చదువుకున్నందుకు ఆమె మీద, నవ్వనందుకు వాడి మీద, అరవై ఏళ్ళు మాట్లాడనందుకు అవ్వ మీద. ముగ్గురిలో ఎవరి తప్పూ లేదని తెలిసే వచ్చింది. ఆ మధ్యాహ్నం వాళ్ళు పోయాక నిమ్మచెట్టు కింద కూర్చొని మా తాతను తిట్టాను. పుట్టి బుద్ధెరిగిన తరువాత ఆయన్ను ఒక్క మాట అనడం అదే మొదలు. ఒక ఉత్తరం రాసి ఉంటే చాలు. ఒక పోస్టు బిళ్ళ. ఇది ఏమిటి అని ఎవరినో ఒకరిని అడిగి ఉంటే చాలు. లేదా గోడ అవతల కొంగు పట్టుకొని నిలబడిన పిల్లను పిలిచి అడిగినా చాలు. ఆయన వంగలేదు. గుల్ల కోసం తప్ప దేనికీ నేల వైపు వంగలేదు. వంగినప్పుడైనా పక్కన ఆకు తీసి చూడలేదు.

నేనేం తక్కువ కాదు. అరవై ఏళ్ళు నేనూ ఆ పెట్టె నమ్మాను. ఆకు తీసి చూడటానికి ఎవరూ నన్ను ఆపలేదు.

మాట ఇచ్చాను కాబట్టి మరుసటి వారం గద్వాల పోయాను. వెన్ను నిటారుగా పెట్టుకొనే రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కాను, దానికి సిగ్గుపడటం లేదు. మా చిన్నాయన కొడుకు కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చోకుండా సంతకం పెట్టాను. "ఇంకో రెండేళ్ళు ఆగుదామా అన్నా?" అని మెల్లగా అడిగాడు. మాట తప్పే ఇంట్లో పుట్టామా అని అరిచాను. అక్కడున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆ అరుపు వాడి మీద కాదని వాడికి అర్థమైందనుకుంటాను.

గోడ పడగొట్టే ముందు అవ్వ తన మనవరాలితో వచ్చి రెండు బుట్టల నత్తలు ఏరుకొని పోయి తన పెరట్లో వదిలింది. వాటికి ఇప్పుడు తినడానికి సున్నం గోడ లేదు. పెరిగే వాటికి గీతలు నిలుస్తాయని లెక్చరర్ ఫోనులో చెప్పింది. గుల్లలన్నీ, పై సొరుగువి, కింది సొరుగువి కలిపి, ఒక స్టీలు డబ్బాలో పోసి ఆమెకు పంపాను. ఆమె ఒకే పేరు రాసిన చీటీ వేసిందట.

తోట నాలుగెకరాలు ఫంక్షన్ హాలు కట్టే ఆయనకు అమ్మాము. గోడ రాళ్ళు విడిగా ఆత్మకూరు దగ్గర ఒక రైస్ మిల్లు పునాదికి అమ్ముడుపోయాయి. అత్తరు పెట్టెను గద్వాలలో పాత సామాను కొనే అతనికి ఖాళీగా అమ్మాను.